సూరయ్య మూడో తుమ్ము

ఏంటమ్మడూ, ఇందాకట్నుంచీ బఠానీ బఠానీ అంటున్నావు, పరీక్షకి చదువుతున్నావా వంటకి చదువుతున్నావా? ఆఁ... పొడుగు మొక్కనీ పొట్టి మొక్కనీ కలిపితే పిల్లమొక్క ఎట్టా ఉంటుందనా. ఎవరో మఠంలో ఆయన కూర్చుని అన్నేళ్ళు అదే పని చేశాడా? ఓపికే మరి. ఆయనగారు మన పాలకాయతిప్ప వచ్చుంటే ఆ తోట పెంచే శ్రమ తప్పేది కదే, మా సూరయ్య ముక్కు చూసి పుస్తకం రాసుకునేవాడు. సూరయ్య అంటే నీకు తెలీదులే దుర్గమ్మా, నువ్వు పుట్టకముందే పోయాడు. మన పడవ మీదే పనిచేసేవాడు. వల విసిరితే నీళ్ళమీద పళ్ళెం పరిచినట్టు గుండ్రంగా పడేది. నీళ్ళ రంగు చూసి ఇక్కడ మాగ చేప ఉంది, ఇక్కడ లేదు అని చెప్పేవాడు. అంత పనోడిని మనం తప్ప ఊళ్ళో ఒక్క పడవ వాళ్ళూ ఎక్కించుకునేవాళ్ళు కాదు. ఎందుకంటావా? తుమ్ము.

నవ్వకు, నిజం. ఎండ చూస్తే తుమ్మేవాడు వాడు. జలుబూ కాదు, పడిశెమూ కాదు. ఇంట్లోంచి బయటికొచ్చి మొహానికి ఎండ తగిలిందా, అయిపోయింది. సముద్రం మీదికెళ్ళేవాళ్ళకి తుమ్మంటే ఏంటో నీకు చెప్పక్కర్లేదు. పడవ తోసేటప్పుడు ఎవరన్నా తుమ్మితే ఆగిపోవాలి, కాళ్ళు కడుక్కుని కాసేపు కూర్చుని, అప్పుడు మళ్ళీ తొయ్యాలి. ఒక తుమ్మయితే కీడు, రెండో తుమ్ము పడితే ఆ కీడు పోయిందిలే అంటారు కదా. వీడి దరిద్రం ఏంటంటే, వీడికి మూడు. వరసగా మూడు. మొదటిది పడగానే అందరం ఆగేవాళ్ళం. రెండోది పడగానే హమ్మయ్య అని పడవమీద చెయ్యేసేవాళ్ళం. అప్పుడు మూడోది! పైగా మేం బయల్దేరేది ఎప్పుడు? సూర్యుడు నీళ్ళలోంచి పైకొచ్చే వేళకి. మేం కాళ్ళు కడుక్కుని కూర్చుని లేచేటప్పటికి పోటు కాస్తా తీసేసేది, పడవ బురదలో కూలబడేది. మీ నానమ్మ రత్నకుమారి అనేది, వాడిని తీసుకెళ్తే చేపలకంటే తిట్లే ఎక్కువ పడతాయి నీ వలలో అని. అదేమో నీలాగే, మాట పడనిచ్చేది కాదు. చూడు, నీ చెవి తమ్మె కూడా దానిదే, చెంపకి అతుక్కుని ఉంటుంది. మీ నాన్నకి అట్టా లేదు, నీకొచ్చింది. ఏం చెప్తున్నా? ఆఁ, సూరయ్య. నేనేమో పనోడిని వదులుకోలేక, వాడిని పడవ అడుగున పడుకోబెట్టి మీద వల కప్పేసేవాడిని. ఏటి మొగ దాటి సముద్రంలో పడ్డాక అప్పుడు లేపేవాడిని. ఇంక అక్కడ ఎంత తుమ్ముకున్నా మాకేం? బయల్దేరడం అయిపోయిందిగా! కొత్త పెళ్ళికూతుర్ని దాచినట్టు దాస్తున్నావు బాబాయ్ అని వల కింద నుంచి నవ్వేవాడు పాపం.

నవ్వేవాడే గానీ లోపల బాధ ఉండేది. మగాడు కదా, ఎన్నాళ్ళని వల కింద పడుకుంటాడు? ఒకరోజు వచ్చి, బాబాయ్, నాగాయలంకలో రొయ్యల చెరువులు తవ్వుతున్నారంట, రాత్రి కాపలా పని ఉందంట, వెళ్తున్నా అన్నాడు. రాత్రి పనయితే ఎండ గొడవ లేదు కదా. వాళ్ళమ్మ పెద్దింట్లమ్మ ఒక్కగానొక్క కొడుకుని పంపనని ఏడ్చింది. పెద్దకూతురు అత్తారింటికి వెళ్ళిపోయింది, మొగుడు పోయి చాలా కాలమయింది. అయినా వెళ్ళాడు. అక్కడ రొయ్యలు ఏరే పిల్ల ఒకతి, నాంచారమ్మని, దాన్ని ఇష్టపడ్డాడు. రేవు దగ్గర గుళ్ళో తాళి కట్టాడంట. అమ్మకి మెల్లిగా చెప్తాలే అనుకున్నాడు. ఈలోపు తొంభైలో ఆ గాలివాన రానే వచ్చింది. చెరువు గట్టు తెగుతుందని ఇసక బస్తాలు వెయ్యడానికి వెళ్ళినవాడు వెళ్ళినట్టే పోయాడు. తోడెళ్ళిన కాపలావాడూ పోయాడు, తాళి కట్టినప్పుడు పక్కనున్నది వాడొక్కడే. సూరయ్య శవం కూడా దొరకలేదమ్మా. పెద్దింట్లమ్మ ఏడవలేదు. శవం చూడందే ఎట్టా ఏడుస్తానంది. మొగ కాడికెళ్ళి నిలబడి నీళ్ళకేసి చూస్తుండేది.

ఆ తర్వాత శివరాత్రి ముందనుకుంటా, నాంచారమ్మ చంకలో పిల్లాడితో దిగింది. నాలుగైదు నెలల పిల్లాడు, తండ్రి పోయాక పుట్టాడు. పుట్టింటివాళ్ళు వెళ్ళగొట్టారు. ఇదిగో అత్తా, నీ మనవడు అంది. పెద్దింట్లమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. నా కొడుకు నాకు చెప్పకుండా చొక్కా గుండీ కూడా కుట్టించుకోడు, తాళి కడతాడా అంది. ఎవడి బిడ్డనో తెచ్చి చచ్చినవాడి మీద రుద్దుతున్నావంది. పెద్దలం నలుగురం వెళ్ళాం, నేనూ ఉన్నాను. ఆ గుమ్మం దాటనిస్తే ఆ పిల్లాడికి తండ్రి పేరుంటుంది. లేదంటే ఇక ఊళ్ళో జనం అనే మాట నీకు చెప్పక్కర్లేదు. మేమేమో పిల్లాడి పోలిక చూద్దామన్నాం. పందిరి నీడలో అది పైట కింద దాచుకున్న పిల్లాడిని వంగి వంగి చూశాం. ఎక్కడా సూరయ్య లేడమ్మా. కళ్ళు దానివే, ముక్కు దానిదే, రంగూ దానిదే. మావాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అప్పుడది వెలుతుర్లో చూడండయ్యా, సరిగ్గా చూడండి అంటూ పందిట్లోంచి బయటికొచ్చి పైట తీసింది. మిట్టమధ్యాహ్నం ఎండ. పిల్లాడు మొహం ముడిచాడు. తుమ్మాడు. తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు.

మేమేం చేశామో తెలుసా? లేచి నిలబడ్డాం! సూరయ్య గుర్తొచ్చాడనుకున్నావా, ఎవరికీ రాలేదు. తీర్పు చెప్పే వేళ తుమ్ము, అపశకునం, ఇవాళ్టికి వద్దులే అని కాళ్ళు కడుక్కోడానికి బిందె దగ్గరికి నడిచాం. అంతమంది పెద్దలం! పెద్దింట్లమ్మ మాత్రం గుమ్మంలోంచి లేచొచ్చింది. దాని చేతిలోంచి పిల్లాడిని తీసుకుంది, నీడలోకి తీసుకెళ్ళి కాసేపు ఎత్తుకుని నిలబడింది. మళ్ళీ ఎండలోకి తెచ్చి మొహం పైకి తిప్పింది. మూడు. వరసగా మూడు! నా చేతిలో చెంబు అట్టానే ఉండిపోయింది. ఒళ్ళు జలదరించిందమ్మా, ఇప్పటికీ చూడు, చెప్తుంటే ఎట్టా లేచాయో వెంట్రుకలు. తండ్రిని వాడు చూసిందెప్పుడు? తండ్రి వాడిని చూసిందెప్పుడు? ఒకరికొకరు ఎదురుపడలేదు, ఆ మనిషి ఎముక కూడా భూమ్మీద మిగల్లేదు, మరి ఆ తుమ్ము ఎవరిచ్చారు వాడికి? కొలిచి ఇచ్చినట్టు మూడే ఎవరిచ్చారు? ఏమంటున్నావ్... దానికో పేరుందా, తల్లిదండ్రుల్లో ఒక్కళ్ళకి ఉన్నా చాలు, సగానికి సగం పిల్లలకి వచ్చే వీలుంటుందా? చూశావా మరి, సూరయ్య అక్కకి లేదు, వాడికుంది. మీ పుస్తకం నిజమే చెప్పింది. కానీ పేరు పెట్టినంత మాత్రాన అది చిన్నదైపోద్దా? నువ్వు ఎన్ని పేర్లన్నా పెట్టు, నాకు మాత్రం దేవుణ్ణి చూసినట్టే అనిపించింది.

ఉండు, అసలు సంగతి చెప్పనీ. నాంచారమ్మకి ఏం తెలీదు. ఆయన తుమ్మితే జలుబు మనిషనుకున్నా బాబాయ్ అని తర్వాత నాతోనే అంది. పెద్దింట్లమ్మేమో మా అందరివైపూ తిరిగింది. వాళ్ళాయన ఉండేవాడే, పెద్ద ముక్కుపొడి మనిషి, ఎప్పుడూ చేతిలో డబ్బీ, ఎప్పుడూ తుమ్ములే, పొడి తుమ్ముకి శకునం లేదు కదా, మేమంతా ఎరిగినవాళ్ళమే. ఆమె అంది గదా, "ఆ డబ్బీలో ముక్కుపొడి ఏనాడూ లేదయ్యా. ఖాళీ డబ్బీ. ఎండ చూస్తే తుమ్ముతాడని తెలిస్తే పడవెక్కనివ్వరని అది చూపించేవాడు. వాళ్ళ నాన్నదీ ఇదే వరస. నా కొడుక్కి రాకూడదని మొక్కని దేవత లేదు" అంది. అప్పుడు ఏడ్చిందమ్మా. ఆ గాలివాననాడు ఏడవని మనిషి ఆ పిల్లాడి తలమీద మొహం పెట్టి ఏడ్చింది. మేం మగాళ్ళం ఎటు చూడాలో తెలీక నేల చూశాం. నాంచారమ్మ అట్టాగే ఎండలో నిలబడుంది, రమ్మంటారో పొమ్మంటారో తెలీదు దానికి. పెద్దింట్లమ్మ పిల్లాడితో గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, మామూలుగా, ఏదో రోజూ పిలిచే కోడల్ని పిలిచినట్టు...

"అక్కడే నిలబడ్డావేంటే, లోపలికి రా. మావాళ్ళకి ఎండ పడదు" అంది.

ఊఁ...

చదువుకో తల్లీ. పొద్దుపోతోంది.