నాలుగు వేసుకో

వరండాలో మూడు కుర్చీలు. సర్వేకొచ్చిన అమ్మాయి, పొలం గల పెద్దాయన, ఆయన భార్య.

"మళ్ళీ అడుగుతున్నా బాబాయ్ గారూ. ఈ కుంచెగడ్డి కలుపుని మీరు ఎంతవరకు అదుపు చేయగలుగుతున్నారు? ఒకటి అంటే అస్సలు చేతకావడం లేదని. ఐదు అంటే పూర్తిగా అదుపులో ఉందని."

"నాలుగు వేసుకో."

"నాలుగా?"

"నిన్ను కాదే, అమ్మాయి నన్నడుగుతోంది."

"అమ్మాయి అడిగింది, మీరు చెప్పారు, నేను విన్నాను. విన్నాను కాబట్టే అంటున్నా. నాలుగా?"

"పోయినేడూ నాలుగే, అంతకు ముందేడూ నాలుగే. ఏడాదికో మాట మారిస్తే మనిషికి విలువేముంది? వేసుకోమ్మా."

"వెయ్యకు తల్లీ. ఆ ఫోన్ మీంచి వేలు పక్కకి తియ్యి."

"పిన్ని గారూ, ఇంటికి ఒక్కరి జవాబే తీసుకోవాలండి. పొలం ఎవరి పేర ఉంటే వాళ్ళదే."

"పొలం ఈయన పేర. గడ్డి పీకి పడిపోయిన నడుము నాది. దానికి మీ సర్వేలో గడి లేదా?"

"లేదండి."

"దాని మాటలకేం గానీ, తర్వాతి ప్రశ్న అడుగమ్మా."

"మీ గొర్రెలు ఆ గడ్డి తింటున్నాయా?"

"లేతగా ఉన్నప్పుడు తింటాయి."

"ఏ గొర్రెలు?"

"నువ్వు మధ్యలో..."

"ఏ గొర్రెలండీ?"

"పోయినసారి నలభై ఆరు అని రాసుకున్నాను బాబాయ్ గారూ."

"ఆ. అంతే. అటూ ఇటూగా."

"అటూ లేవు, ఇటూ లేవు. ఎండాకాలంలోనే అమ్మేశాం. ఆ గడ్డి ముదిరితే రంపమే తల్లీ, మూతులు కోసుకుపోతాయి. మూతి నిండా నెత్తురుతో వచ్చి గుమ్మం ముందు నిలబడేవి. వాటికి ఏం చెప్పమంటావు? ఖాళీ దొడ్డి దాటుకునే కదా లోపలికొచ్చావు."

"మేతకి వెళ్ళాయనుకున్నానండి."

"మేత ఉంటే కదా వెళ్ళడానికి."

"గడ్డి తగ్గించడానికి ఏమేం చేశారు బాబాయ్ గారూ? పీకడం, కోయడం, తగలబెట్టడం, దున్నడం..."

"అన్నీ."

"ఏది పనిచేసింది?"

"అన్నీ కొంచెం కొంచెం..."

"ఏమండీ."

"ఏమిటే?"

"ఏమీ లేదు. తగలబెట్టినప్పటి సంగతి కూడా చెప్పండి. గడ్డి పదిహేను రోజుల్లో తిరిగొచ్చింది. మీ నాన్నగారు పెట్టిన వేపచెట్లే తిరిగి రాలేదు."

"అది రాసుకోకమ్మా."

"రాసుకో. అసలు ఈ ప్రశ్నలన్నీ ఎందుకు గానీ, ముందు ఇది చెప్పు. గడ్డి మందు కొట్టే బండి ఎప్పుడొస్తుంది? పోయినేడు నువ్వే చెప్పావు, మీ సర్వే చూసి వ్యవసాయ ఆఫీసు వాళ్ళు పెద్ద బండి పంపిస్తారని."

"అది చివర్లో చెప్తానండి. ఇంకో నాలుగు ప్రశ్నలున్నాయి."

"గడ్డి వెన్ను తీసేసింది. పది రోజుల్లో గింజ రాలుతుంది. రాలాక ఎన్ని బళ్ళొచ్చినా దండగ. దిగువన మా తమ్ముడి పొలం ఉంది, గాలి అటే వీస్తుంది. వాడికున్నది మూడెకరాలు. అందులో ఎకరం ఇప్పటికే పోయింది. చివర్లో కాదు, ఇప్పుడే చెప్పు."

"పిన్ని గారూ, వరసలో వెళ్తేనే..."

"వస్తుందా, రాదా?"

"ఏమ్మా, మీ పిన్నిని ఊరికే కంగారు పెట్టకు. వస్తుందని చెప్పు."

"రాదండి."

"ఈ నెల రాదా?"

"ఇక ఇటు వైపు రాదండి. పోయిన నెలే తేల్చేశారు. బళ్ళు వేరే చోటికి పంపేశారు."

"ఎందుకని?"

"ఇక్కడి వాళ్ళు సొంతంగా నెట్టుకొస్తున్నారని."

"ఎవరు చెప్పారు?"

"రిపోర్టులో ఉందండి."

"రిపోర్టులో ఎవరు చెప్పారు?"

"ఒక రైతు. చేత్తో పీకి, ఓపిగ్గా పీకి, గడ్డిని అదుపులో పెట్టాడని. ఒక అధ్యాయం మొత్తం ఆయన గురించే."

"ఏ రైతు? ఏమండీ, నేల చూపులు చూడకండి. ఏ రైతో మీరూ అడగండి."

"నా పేరు రాశావామ్మా?"

"పేర్లు రాయమండి. 'పెద్దాయన' అని రాశాను."

"బాగుంది. ముచ్చటగా ఉంది. ఇప్పుడు నేను చెప్తాను విను తల్లీ. 'ఫలానా వారం వస్తున్నాం' అని నువ్వు ఏటా ఫోన్ చేస్తావు చూడు, ఆ ఫోన్ పెట్టెయ్యగానే ఈయన కొడవలి తీస్తారు. నాలుగు రోజులు ఇద్దరం మోకాళ్ళ మీద పాకి, రోడ్డు పక్క అరెకరం పీకుతాం. నువ్వు ఫొటో తీసుకున్నది ఆ అరెకరమే. తక్కిన పదకొండున్నర ఎకరాల్లో కాలు పెట్టి ఏడాది దాటింది."

"చాల్లే. పరువు తియ్యకు."

"ఇంకా మిగిలుందా, తియ్యడానికి?"

"మరి ఏం చెయ్యమంటావే! మా నాన్న బతికుండగా ఈ నేలలో కలుపు మొక్క కనపడితే ఊరంతా చెప్పుకునేవాళ్ళు. కూతురి వయసు పిల్ల, చదువుకున్న పిల్ల, ఎదురుగా కూర్చుని 'మీ వల్ల అవుతోందా' అని అడిగింది. అవుతోందన్నాను. ఇంకేమంటాను? నా వల్ల కావట్లేదమ్మా అని ఏడవనా?"

"ఏడవాల్సింది. ఏడిస్తే బండి వచ్చేదేమో."

"అమ్మాయ్."

"చెప్పండి బాబాయ్ గారూ."

"ఒకటి వేసుకో."

"ఏమండీ..."

"నన్ను చెప్పనీ. ఒకటి వేసుకో. సున్నా ఉంటే సున్నా వేసుకో."

"సున్నా లేదండి."

"మీ సారుకి ఫోన్ చెయ్యి. ముసలాడు మూడేళ్ళు వరసగా అబద్ధమాడాడని చెప్పు. నేనే మాట్లాడతాను కావాలంటే, ఇలా ఇవ్వు."

"రిపోర్టు అచ్చయిపోయిందండి."

"అచ్చయితే ఏం, తప్పని ఒక ముక్క రాయలేరా?"

"రాయొచ్చు. కానీ... ఎలా చెప్పాలండి. నలభై ఇళ్ళు తిరిగాను. ముప్ఫై తొమ్మిది ఇళ్ళల్లో ఒకటి, లేకపోతే రెండు. మా సారు ఆ కాగితాలు చూసి, అందరూ చేతులెత్తేస్తే చదివేవాడికి ఏముంటుంది, నెగ్గినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు అన్నారు. నాలుగు చెప్పింది మీరొక్కరే. ఆఫీసులో చదివింది ఆ ఒక్క అధ్యాయమే. ఒక్కడి చేతనైంది అందరి చేతా అవుతుంది కదా, బళ్ళెందుకు అన్నారు."

"ఆ ముప్ఫై తొమ్మిదిలో మా తమ్ముడున్నాడా?"

"ఉన్నారండి."

"ఎంత చెప్పాడు?"

"ఒకటి."

"విన్నారా."

"విన్నాను. నీ తమ్ముడి మొహం నేనెలా చూడను? అందరూ నిజం చెప్పుకున్నారు. అందరి నోట్లో నేనొక్కణ్ణే మట్టి కొట్టాను."

"ఒక్కరే ఎందుకవుతారు? ఆ అరెకరం నేను పీకలేదూ? పైగా, మూల మీద ఇంకొంచెం ఉంది, అది కూడా లాగేద్దాం, ఆ పిల్ల చూస్తుంది అన్నది నేనే. ఊరుకోండి. కళ్ళు తుడుచుకోండి."

"పిన్ని గారూ, నేనింక బయల్దేరతానండి."

"నాలుగు ప్రశ్నలున్నాయన్నావుగా."

"పరవాలేదండి. అవి లేకపోయినా..."

"కూర్చోమ్మా. కాదు కాదు, లే. చెప్పులేసుకో. నాతో రా, గట్టు అవతలకి తీసుకెళ్తాను. రోడ్డు మీంచి అది కనపడదు. మనిషెత్తు లేచింది. నీ ఫోన్లోనే ఫొటోలు తియ్యి. బొమ్మ చూపిస్తే మీ సారైనా, ఆ ఆఫీసు వాళ్ళైనా కాదనలేరు. ఇంకా పది రోజులుంది."

"ఎందుకులెండి బాబాయ్ గారూ."

"ఎంతో దూరం లేదు. పది నిమిషాలు."

"వద్దండి."

"ఎండని భయమా? గొడుగిస్తుంది మీ పిన్ని."

"ఎండని కాదండి."

"ఎందుకంత మొహం చిన్నబుచ్చుకుంటావు? నీ మీద నాకేం కోపం లేదమ్మా. నేను చూపించింది చూశావు, నేను చెప్పింది రాశావు. తెలియక రాసినదాన్ని తెలిశాక దిద్దుకుంటే నిన్నెవరూ తప్పు పట్టరు. లే, రా."

"తెలియక కాదండి బాబాయ్ గారూ. మొదటి ఏడాదే ఆ గట్టెక్కి చూశాను."