బ్రహ్మచారికి అత్తగారి కషాయం

మందాకిని అనే డాక్టరమ్మ ఏడోనెల కడుపుతో తేలు కుట్టిన పిల్లల మంచాల చుట్టూ తిరిగేదంట. పెద్ద డాక్టరు చదువులో థీసిస్సని ఒకటి రాయాలిలే, అందుకు. మంత్రగాడి గుమ్మంలో పొద్దంతా పోగొట్టుకుని ఆస్పత్రికి తెచ్చిన ఒక పిల్ల ఆమె చేతుల్లోనే పోయిందంట. అప్పట్నుంచీ తల్లుల్ని కూర్చోబెట్టి, ఎప్పుడు కుట్టింది, ముందు ఎవరి దగ్గరికి పరిగెత్తారు అని అడిగి అడిగి రాసింది. రాసి, నల్ల అట్ట మీద బంగారు అక్షరాలు కొట్టించి, గైడు పరబ్రహ్మంగారి దగ్గరికి పోయి, సార్, దీన్ని పత్రికలో అచ్చేయిద్దాం, పల్లెల్లో డాక్టర్లు చదివితే జనానికి చెప్తారు, పిల్లలు దక్కుతారు అందంట. ఆయనేమన్నాడు? "ప్యాసయ్యావు కదమ్మా! పెళ్ళయ్యాక బాసికం కట్టుకుని ఎవరైనా తిరుగుతారా?" అన్నాడు. అదీ నిజమే అనుకో. ఆ పూట నుదుట బాసికం లేందే పెళ్ళి కాదు, మర్నాడు ఏ మేకుకి వేలాడుతుందో ఎవడికీ పట్టదు. మాది ఎలకలు కొట్టేస్తే మా ఆవిడ ఇప్పటికీ నన్నే అంటది, సరే, ఆ గొడవెందుకు. బీరువా నిండా థీసిస్సులుంటే గుప్పెడు అచ్చయితే గొప్పంట. గైడు ఊ అనందే పంపకూడదంట. ఈయన "చూద్దాంలే" అంటూనే బీరువాకి తాళం వేశాడు.

ఏళ్ళు గడిచినై. ఆమె ఇంకో ఊళ్ళో ప్రొఫెసరమ్మ అయ్యింది. ఆ పాత కాలేజీ వాళ్ళే పరీక్ష చెయ్యడానికి రమ్మని పిలిచి, ముందుగా ఒక థీసిస్సు పంపారంట. ఏమైందంటే, తెరిస్తే తేళ్ళు! అవే మంచాలు, అదే పోయిన పిల్ల. ఆ కాలేజీలో అదో ఆచారంలే, బీరువాలో పాతది తీసి పేరూ ఏడాదీ మార్చి దించెయ్యడం. ఈ హేమసుందర్ అనే కుర్రాడు మరీ భక్తిగా దించాడు. పరీక్షనాడు, వాడికీ గైడైన పరబ్రహ్మంగారు పక్కనే కూర్చునుండగా ఆమె అడిగిందంట, "ఏం నాయనా, కాన్పు సుఖంగా అయిందా?" అని. "మేడమ్?" అన్నాడు వాడు. "ఏడోనెలలో వేవిళ్ళు తగ్గక, మీ అత్తగారు కషాయం తెచ్చి తాగించిందని థీసిస్సు చివర దణ్ణాలు పెట్టావుగా!" "నాకింకా పెళ్ళి కాలేదు మేడమ్..." నవ్వకండ్రా, వాడి ప్రాణం వాడిది. ఆమె గైడు వైపు తిరిగి, "సార్, మీ కళ్ళెదుటే రాశాడని సంతకం పెట్టారు. వీడి పురుడు కూడా మీరే పోశారా?" అందంట. పరబ్రహ్మంగారు మంచినీళ్ళడిగాడు.

"కుర్రాడి బతుకమ్మా" అని ఆయన గొణిగితే, "పిల్లల బతుకులే అడుగుతున్నా సార్, నాకు బీరువా తాళం తియ్యండి" అందంట. కుర్రాణ్ణి ఆ ఏడు ప్యాస్ చెయ్యలా. తేలు కుట్టి ఇప్పుడొచ్చే పిల్లల దగ్గర కూర్చుని సొంతంగా రాయి, నాదీ నీదీ కలిపి అచ్చుకి పంపుదాం అంది. వాడు ఏడుస్తూ మొదలెట్టి, మంచాల మధ్య తిరిగి తిరిగి, ఏడవడం మర్చిపోయాడంట.

అచ్చయింది. పరబ్రహ్మంగారి పేరు కూడా వేసింది, రాసిందంతా అయ్యాక, అన్నిటికంటే చివర. ఆయన జన్మలో మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివిన కాగితం అదొక్కటేనంట, తన పేరు ఎక్కడుందో అని వెతుక్కుంటా. పోనీలే, ఎలాగైతేనేం, ఆ పోయిన పిల్ల సంగతి దారిలో తగిలే ఉంటది.