మూడు గుమ్మాల్లో ఒకే పేరు

కాదు, నువ్వు ముందు కూర్చో. నిలబడి మాట్లాడితే మధ్యలో వెళ్లిపోవచ్చని చూస్తావు, నీ సంగతి నాకు తెలియదా. ఆ కుర్చీ మీద దుప్పటి తీసి పక్కన పడెయ్యి. మీ అక్క లోపల పడుకుంది. ఇవాళ డయాలసిస్ చేయించుకొచ్చిన రోజు, ఇప్పట్లో లేవదు. గొంతు తగ్గించే మాట్లాడతాలే, భయపడకు.

పొరపాటంటావేమిట్రా? గుమ్మంలో అడుగు పెట్టిన దగ్గర్నుంచీ అదే మాట. చేతిలోంచి గ్లాసు జారితే పొరపాటు. మీ అక్కకి రావాల్సిన కిడ్నీ ఇంకొకరికి వెళ్లిపోతే దానికీ అదే మాటేనా? ఇంతింత చదివావు, ఇంకో మాట దొరకలేదా నీకు?

ఆ ఇంకొకరి మీద నాకేం కోపం లేదు. చూశాను ఆ అమ్మాయిని. కుట్టుపని చేసుకుని బతుకుతోందట. వాళ్ల నాన్న ఆసుపత్రి వరండాలో నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు, సంతోషం పట్టలేక. ఎవరి చెయ్యి పట్టుకున్నాడో ఆయనకి తెలియదు. నేనూ చెప్పలేదు. చెప్పి ఏం చెయ్యను? పిల్ల చల్లగా ఉండాలయ్యా అని వచ్చేశాను.

నా కోపమంతా నీ మీదే. మొదటినుంచీ చెబుతాను, విను. నీకు తెలిసిందే అంటావా? తెలిసినా విను. ఇన్నాళ్లూ నువ్వు చెప్పుకున్నట్టే విన్నావు, ఇప్పుడు నేను చెప్పినట్టు విను.

మూడు చోట్ల పేరు రాయించమన్నది ఎవరు? అప్పటికి మీ అక్క పేరు పెద్దాసుపత్రి లిస్టులోకి ఎక్కి చాన్నాళ్లయింది. ఒకరోజు నువ్వొచ్చి, 'బావా, ఒక్కచోటే కూర్చుంటే ఎలా? ఏ ఆసుపత్రికి కిడ్నీ వస్తే వాళ్లు తమ లిస్టే చూసుకుంటారు. పక్కవాళ్లది వాళ్లకి కనపడదు. మూడింట్లోనూ ఉంటే మూడు దారులు తెరుచుకుంటాయి' అన్నావు. నేను వెనకాడాను. ఇంకొకరి చోటు మనం లాక్కున్నట్టు కాదా అన్నాను. నవ్వావు. 'అందరూ చేస్తున్నదే బావా, నువ్వొక్కడివే మడికట్టుకు కూర్చుంటావా' అన్నావు.

నిజమే, అందరూ చేస్తున్నదే. డయాలసిస్ గదిలో ఎవర్ని కదిపినా అదే చెప్పారు. పక్క కుర్చీ టీచరమ్మ రెండు చోట్ల రాయించింది. కూరగాయల బండాయన మూడు చోట్ల.

సరేనని బయల్దేరాం. ముందు వంతెన అవతలి ఆసుపత్రి. పోయినేడు ఆ కొత్తగా కట్టిన ఆసుపత్రి. కొత్తదానికి లిఫ్టు పనిచెయ్యలేదు. మీ అక్క సగం మెట్లెక్కి అక్కడే చతికిలబడింది. ఇంటికి పోదాం పద అన్నాను. 'తమ్ముడు అంత గట్టిగా చెప్పాడు, ఊరికే చెబుతాడా' అని నా భుజం పట్టుకుని లేచింది. ఆ మెట్లు నాకింకా కళ్ల ముందే ఉన్నాయి.

తర్వాత నీకు ఆ పని వచ్చింది, మూడు ఆసుపత్రుల లిస్టులూ ఒక్కచోట కనపడేలా చేసే పని. మీ అక్క పొంగిపోయింది. సూది గుచ్చేవాళ్లకీ, నేల తుడిచే ఆవిడకీ, ఎవరు కనపడితే వాళ్లకి, 'మా తమ్ముడే చేస్తున్నాడు' అని చెప్పుకుంది.

నాలాంటివాడికి కూడా అర్థమయ్యేలా చెప్పావు, అది ఒప్పుకుంటాను. 'మూడు చోట్లా ఒకే సాఫ్ట్‌వేర్ బావా. డేటాబేసులు మూడూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అవే పట్టికలు, అవే గళ్లు. లోపలున్న మనుషులే వేరు. వాటిని తెచ్చి ఒకచోట కుప్ప పొయ్యం. ఎవరిది వాళ్ల దగ్గరే ఉంటుంది. పైన మేమొక పొర వేస్తాం. డాక్టరు ఒక్కసారి అడిగితే చాలు. ఆ పొర మూడు గుమ్మాల దగ్గరా ఒకేసారి అడిగి, వచ్చిన జవాబులన్నీ ఒకే లిస్టుగా పేర్చి చూపిస్తుంది. డేటా వర్చువలైజేషన్ అంటారు' అన్నావు. నాకు నోరు తిరగలేదు. 'అంటే, ఎక్కడా లేని లిస్టు ఉన్నట్టు కనపడుతుందన్నమాట' అన్నాను. 'సరిగ్గా పట్టేశావు బావా' అని నా వీపు తట్టావు.

మంచి పనే, కాదనను. ఎక్కడ కిడ్నీ వచ్చినా అందరికన్నా ఎక్కువ కాలం ఎదురుచూసిన మనిషికి ఇస్తారు. ఇంతకన్నా న్యాయం ఏముంటుంది?

మరి మూడు గుమ్మాల దగ్గరా అడిగితే మూడుచోట్లా ఒకే మనిషి పలికితే? మూడు వరసలొస్తాయి. ఒకటి ఉంచి రెండు తీసెయ్యాలి. అదీ న్యాయమే. ఏది ఉంచాలి?

అన్నింటికన్నా కొత్తది ఉంచారు. ఎందుకంటే మీ పనిలో అదే అలవాటట కదా. మనిషి ఇల్లు మారుతాడు, ఫోన్ నంబరు మారుస్తాడు, రక్తపరీక్ష మళ్లీ చేయించుకుంటాడు. కాబట్టి చివర రాసిందే నిజం. నిన్న ఫోన్లో ఎంత ఓపిగ్గా చెప్పావో. ఫోన్ నంబరుకి సరే. వరసలో నిలబడ్డ తారీకుకి కూడానా? నాలుగేళ్లుగా నిలబడ్డ మనిషి పోయినేడొచ్చి నిలబడ్డట్టయింది. ఒక్కచోటే పేరున్నవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. నీ మాట విని ఆ మెట్లెక్కినందుకు మీ అక్క వెనక్కి పోయింది.

సరే, ఇంతవరకూ పొరపాటే అనుకుందాం. ఆ మాట నీకిచ్చేస్తాను, జేబులో వేసుకో.

ఆ లిస్టు డాక్టర్లకి చూపించిన మీటింగు సంగతి నాకెవరు చెప్పారని అడిగావు కదా. లిస్టు చూసే నర్సమ్మ. నీ మీద చాడీలేం చెప్పలేదు పాపం, మెచ్చుకోవడానికే ఎత్తుకుంది. 'మీ బావమరిది ఎంత బాగా చూపించారండీ, పెద్ద డాక్టర్లందరి ముందూ' అంది. ఏం చూపించాడమ్మా అన్నాను. 'పేరు కొట్టగానే మూడు వరసలు పడ్డాయి. ఇంకోటి నొక్కగానే మూడూ కలిసి ఒకటైపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు' అంది.

ఎవరి పేరు కొట్టావురా?

చెప్పు. నేల చూస్తే ఏం దొరుకుతుంది అక్కడ? ఇంతమంది రోగులుండగా, మూడుచోట్లా కచ్చితంగా ఉందని నీకు తెలిసిన పేరు ఒక్కటే. మీ అక్కది. ఎందుకు తెలుసు? నువ్వే రాయించావు కాబట్టి.

అదీ సర్దుకునేవాణ్ణే. చేతికి అలవాటైన పేరు, వచ్చేసింది అనుకునేవాణ్ణి. కానీ నర్సమ్మ అక్కడితో ఆగలేదు. 'ఈవిడ చాలా పాత పేషెంటు కదా సార్, పోయినేటి తారీకు పడిందేమిటని నేనే అడిగాను' అంది. అడిగితే నువ్వేమన్నావు? 'తర్వాత చూద్దాం' అన్నావు. చప్పట్లు ఇంకా ఆగకముందే.

ఎప్పుడురా ఆ తర్వాత?

ఆ సాయంత్రం నువ్వు తిన్నగా ఇక్కడికే వచ్చావు. పళ్లు పట్టుకొచ్చావు. మీ అక్క, తను గుక్కెడు నీళ్లు తాగాలంటే ఆలోచించుకునే మనిషి, నీకు గ్లాసు నిండా పళ్లరసం తీసిచ్చింది. తాగావు. మీటింగు బాగా జరిగిందక్కా అన్నావు. 'అక్కా, నీ తారీకు తప్పు పడింది, సరిచేయిస్తాను' అని ఒక్క మాట అనలేకపోయావా? నాతో అన్నా సరిపోయేది. నేను పోయి ఆ ఆఫీసు ముందు కూర్చునేవాణ్ణి. కూర్చోవడం నాకు కొత్త కాదు.

ఏమిటీ? సరిగ్గా చెప్పు. అక్క కోసం లిస్టు మార్చాడంటారని భయమేసిందా.

అదా సంగతి. ఎంత నిజాయితీపరుడివిరా. అదే పరాయివాళ్ల అక్కయితే తెల్లారేసరికి సరిచేసి, మెప్పు కూడా కొట్టేసేవాడివి కదా? మీ అక్క కాబట్టి వదిలేశావు. అలా చూస్తే, నీకు అక్క కావడం కూడా ఆమెకి ఇంకో జబ్బే.

నిన్ను చదివించామని నేనెప్పుడన్నా అన్నానా? ఇవాళ కూడా అనను. నేను పనిచేసిన టైర్ల షెడ్డు మూసేసినప్పుడు మేం గేటు ముందు ఎండలో కూర్చున్న రోజులు నువ్వూ చూశావు. ఓనరు మమ్మల్ని తోసేస్తే తట్టుకున్నాం. వాడు అవతలివాడు, తోస్తాడు. మా పక్కనే చాప మీద కూర్చున్నవాడు పొద్దున్నే లేచి వెనక గేటులోంచి లోపలికి పోయాడు చూడు, ఆ రోజు మాత్రం నాకు అన్నం సహించలేదు. మళ్లీ నిన్నే నాకు అలా అయింది.

ఇంతకీ ఆ కాగితం ఏమిటి, ఇందాకట్నుంచీ మడుస్తూ విప్పుతూ ఉన్నావు? ఇలా ఇవ్వు.

పాత తారీకు మళ్లీ వేస్తారా? ఇకమీదట మొదటి తారీకే చెల్లుతుందా? మంచిది. ఇంకొక కిడ్నీ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు, వచ్చేదాకా ఆమె... సరేలే. మంచిదే.

మరి ఈ కింద వాక్యం ఏమిటి? 'ఒకటి కన్నా ఎక్కువ ఆసుపత్రులలో పేరు నమోదు చేయించుకోవడం పూర్తిగా మా సొంత నిర్ణయం. ఈ విషయంలో సిబ్బంది ఎవరూ మాకు సలహా ఇవ్వలేదు.'

అందరి కాగితాల్లోనూ ఉందా ఇది? టీచరమ్మ దాంట్లోనూ, బండాయన దాంట్లోనూ? లేదా? మీ అక్క కాగితంలోనే ఉందా?

పెన్నియ్యి.

నాకేం చెప్పొద్దు. ఉద్యోగం పోతుందంటావు, పిల్లలున్నారంటావు. తెలుసు. ఆ పిల్లల్ని ఎత్తుకున్నవాణ్ణే నేను.

ఇదిగో, రోగి సంతకం అని ఉంది ఇక్కడ. అది నేను తీసుకురాను. నువ్వే లోపలికి వెళ్లి లేపు. ఎడం చెయ్యి కదపకుండా చూసుకో, సూదులు గుచ్చిన చోట కట్టు ఇంకా తియ్యలేదు. ఆ వాక్యం కూడా చదివి వినిపించు, మింగెయ్యకు. వినిపిస్తే ఏమీ కాదులే. నువ్వు సగం చదివేసరికి ఎక్కడ పెట్టాలిరా అని అడుగుతుంది. నర్సమ్మ చెప్పిన దగ్గర్నుంచీ మీ అక్కకి నీ సంగతి చెప్పేద్దామని చూస్తున్నాను. మంచం దగ్గరికి వెళ్లడం, దుప్పటి సర్ది వచ్చెయ్యడం. నోరు రాలేదు.

నాదా? నాది అయిపోయింది. చూడు, సాక్షి అన్న చోట. చదువుతున్నప్పుడే తెలుసు నాకు, పెడతానని. నిజం చెప్పనా, ఇంతకన్నా ఘోరంగా రాసి తెచ్చినా పెట్టేవాణ్ణి. తప్పంతా మాదేనని, నీకేమీ తెలియదని, నువ్వసలు మా బంధువువే కాదని రాసి తెచ్చినా పెట్టేవాణ్ణి. ఆమె పేరు పైకి రావాలంటే నేనేం చెయ్యను?

ఆ సంగతి నీకూ తెలుసు. తెలిసే తెచ్చావు.