పొడుగోడి కబురు

అమెరికాలోని కమ్మింగ్‌లో ఒక గరాజ్ ముందు బావా బావమరుదులు గొడవపడుతున్నారు. బావ ఒక అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో అనలిస్ట్. టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ మర్నాడే. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ స్థానానికి ఇద్దరు పోటీలో ఉన్నారు: ఒకడు పొడుగోడు, ఒకడు పొట్టోడు.

“మా కోచ్ పొడుగోడినే క్వార్టర్‌బ్యాక్‌గా తీసుకుంటాడని నేను అన్నం తింటూ చెప్తే, నీ పాడ్‌కాస్ట్‌లో వాగేస్తావా? సిగ్గులేదూ?”

“అరవకు బావా. వాడు విసిరిన బంతి సగంసార్లు అవతలోళ్ళ చేతుల్లోకే పోతుంది. పొట్టోడే మేలు.”

“నేనూ అదే రిపోర్ట్ ఇచ్చా! కోచ్ వినలేదు.”

“విన్నాడు. మిగతా టీమ్‌లు పొడుగోడి మీద ఎగబడితే, పొట్టోడు మీకు మిగులుతాడు. నీకు చెబితే నాకు చెప్తావని, నేను ఊరంతా చాటుతానని ఆయనకి తెలుసు.”

“నోర్ముయ్! నాకే అబద్ధం చెప్తాడా?”

“మరి పాడ్‌కాస్ట్ విన్నాక నిన్ను తిట్టాడా?”

“తిట్టలేదురా! నవ్వి, భుజం తట్టి పోయాడు!”