నిలబడితే ఎంత తాగుతుంది

తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద కార్ల షోరూము. అమ్మే కుర్రాడు ఏబెల్ చెప్పేదంతా గిరిప్రసాద్ చెవులప్పగించి వింటున్నాడు. పక్కన కూర్చున్న ఆయన భార్య జయంతి మాత్రం గాజు తలుపు వైపే చూస్తోంది.

"మైలేజీ చెప్పినావులేప్పా. నేనడిగేది అది కాదు. కదలకుండా నిలబడితే ఎంత తాగతాది?"

"నిలబడితేనా సార్? సిగ్నల్ దగ్గరా?"

"సిగ్నల్ దగ్గర కాదు. ఒక సందులో పెట్టి, ఇంజన్ ఆపకుండా, ఏసీ ఏసుకోని గంటా రెండు గంటలు..."

"రెండు గంటలు ఎందుకు సార్ అట్ల నిలబెట్టేది?"

"నిలబెడతారప్పా కొంతమంది. ఏం జయా?"

"నాకేం తెలుసు? నన్నడుగుతారేంది?"

"ఊరికే అడిగినా. ముఖం ఎందుకట్ల పెట్టినావు?"

"ఎట్ల పెట్టినాను? ఏసీ గాలి నేరుగా కొడతా ఉండాది, అంతే."

"ఇంట్లో ఎంతమంది సార్ మీరు?"

"ఇద్దరమే."

"ఇద్దరికైతే ఈ సైజు సెడాన్ ఎందుకు సార్? మా చిన్న బండి చూడండి. పెట్రోలు మిగులుతుంది, సందుల్లో తిప్పుకోను సులభం."

"చిన్నది వద్దు. వెనక సీటు వెడల్పుగా ఉండాల."

"మన వెనక ఎవరు కూచుంటారండీ?"

"కూచోనీ ఎవరో ఒకరు. ఏబెల్, మా పాత బండి సంగతి చెప్తా ఇను. అయిదారేండ్లు లీటరుకు పద్నాలుగు ఇచ్చినాది. ఈ మధ్య తొమ్మిది గూడా రావడం లేదు. మెకానిక్ మునస్వామి మూడుసార్లు ఇప్పి చూసినాడు. ప్లగ్గులు మార్చినాడు, ఫిల్టరు మార్చినాడు. బండి బంగారమట్ల ఉండాదన్నా, యాడా లీకు లేదు అంటాడు. మరి పెట్రోలు యాడికి పోతాది?"

"బండి ఎక్కువ తిరిగేది ఎక్కడ సార్?"

"ఎక్కడా తిరగదు. శుక్రవారం ఈమె పుత్తూరుకు పోతాది, వాళ్లమ్మను చూసేదానికి. పోయి వస్తాది. అంతే."

"ఆ రోడ్డులో లారీలెక్కువండీ. ఊరికే గేర్లు మార్చాల, బ్రేకులెయ్యాల. అందుకే తాగతాది."

"రోడ్డు వెడల్పు చేసి ఎన్నాళ్లయింది జయా?"

"చేస్తే? లారీలు పోవా?"

"సరే సరే. చెప్పప్పా నువ్వు. డీజిల్ది ఉండాదా?"

"మా దాంట్లో ఆపేసినారు సార్. వేరే కంపెనీ వాళ్లది ఉంది. నిలబడినప్పుడు డీజిల్ తక్కువే తాగుతుంది, అది నిజం."

"నిన్న చూసినాం. వద్దు. ఇంజన్ ఆన్‌లో ఉంటే సీటంతా వణకతాది. ఆ పొగ పసిపిల్లలకు పడదు."

"మనింట్లో పసిపిల్లలెవరుండారండీ?"

"వీధిలో ఉండరా? ఎవురి పిల్లలైనా పిల్లలే గదా."

"పోనీ సీఎన్‌జీ చూస్తారా సార్? ఖర్చులో దానికి సాటి లేదు. డిక్కీలో సిలిండరు వస్తుంది, సామాన్లకు మాత్రం చోటుండదు."

"వెనక సీటుకు ఆనుకోనే సిలిండరా? వద్దు వద్దు. ఆ మాటే ఎత్తొద్దు."

"భయమేం లేదు సార్, గట్టి సిలిండరు..."

"గట్టిదో మెత్తందో, వద్దంటి గదా. ఇంకేముండాది?"

"అయితే ఇక హైబ్రిడ్డే సార్. పెట్రోలుతోబాటు పెద్ద బ్యాటరీ ఉంటుంది. బండి ఆగితే ఇంజన్ దానంతటదే ఆగిపోతుంది. ఏసీ మాత్రం బ్యాటరీ మీద నడుస్తానే ఉంటుంది. బ్యాటరీ తగ్గినప్పుడు ఇంజన్ కాసేపు ఆన్ అయ్యి, మళ్లీ ఆగుతుంది. మామూలు పెట్రోలు బండి గంట నిలబడితే లీటరు దాకా తాగుతుంది. ఇది అందులో సగం గూడా తాగదు."

"ఆ. అట్ల చెప్పు. ఇది చూపించు."

"ఇంకో సంగతి సార్. మీ ఫోన్‌లో యాప్ పెట్టిస్తాం. బండి ఏ ఊర్లో ఉంది, ఏ వీధిలో ఉంది, ట్యాంకులో ఎంత ఉంది, ఏసీ నడుస్తోందా, అన్నీ ఇంట్లో కూర్చొనే చూసుకోవచ్చు."

"ఏ వీధిలో ఉండాదో గూడానా?"

"వీధేంది సార్, ఏ ఇంటి ముందర ఉందో గూడా తెలుస్తుంది."

"ఎంతసేపు నిలబడిందో?"

"అది గూడా."

"ఆ యాప్ లేని బండి లేదా నాయనా?"

"ఇప్పుడు అన్నిట్లో వస్తుందమ్మా."

"మనకొద్దండీ. ఎవరో యాడో కూచోని మన బండిని చూస్తా ఉంటే ఏం బాగుంటాది?"

"ఎవరో ఎందుకు చూస్తారు జయా? చూసేది నేనే గదా. ఏం, నేను చూస్తే ఏం?"

"ఏం లేదు. చూసుకోండి."

"ఏబెల్, ఈ బండి ఒకసారి తోలి చూస్తా. తాళాలు తీసుకురా."

లైసెన్సు జిరాక్సు ఇవ్వడానికి గిరిప్రసాద్ కౌంటరు దగ్గరికి పోయాడు. జయంతి గాజు తలుపు దాటి బయటికొచ్చి, పుత్తూరులో ఉన్న కూతురు మహితకు ఫోన్ కలిపింది.

"మహీ, నేనే. మెల్లగా మాట్లాడు."

"నా ఇంట్లో నేనుండా, నాకేం? నువ్వే గుసగుసలాడతా ఉండావు. ఏమైంది మా?"

"మీ నాయనకు తెలిసిపోయినట్లుండాది. నేను వారం వారం నీ దగ్గరికి వస్తా ఉండేది."

"ఎవరు చెప్పినారు? అవ్వ చెప్పిందా?"

"మా అమ్మ చచ్చినా చెప్పదు. పెట్రోలు చెప్పినాది."

"పెట్రోలా?"

"మీ ఇంటి ముందర ఇంజన్ ఆపకుండా కూచుంటా గదా, ఏసీ లేకుంటే పాప ఉడికిపోతాదని. పోయొచ్చే దూరానికీ తాగే పెట్రోలుకూ పొంతన లేదంటాడు. ఈడికొచ్చినప్పట్నించి అదే ప్రశ్న. నిలబడితే ఎంత తాగతాది, నిలబడితే ఎంత తాగతాది. ఇప్పుడు యాడ నిలబడినా ఫోన్‌లో చూపించే బండి కొంటా ఉండాడు."

"నేను మొదట్నించీ చెప్తానే ఉండా. లోపలికి రా మా అంటే ఇనవు. మా ఆయన మునిప్రసాద్ గూడా ఫోన్‌లో ఎన్నిసార్లు బతిమాలినాడు నిన్ను? కన్నకూతురి ఇంటి ముందర కార్లో కూచోని మనమరాలిని ఎత్తుకునేది ఏం ఖర్మ మా నీకు?"

"కాణిపాకంలో కోనేట్లో మునిగి తడిగుడ్డల్తో ఒట్టేసినాం మహీ. నువ్వు కులం కానోణ్ణి చేసుకున్నావని తెలిసిన వారానికే మీ నాయన నన్ను గూడా లాక్కోని పోయినాడు. ఆ గడప తొక్కం, ఆ ఇంట్లో నీళ్లు ముట్టం అని ఇద్దరం చెప్పినాం. ఆ సామి దగ్గర మాట తప్పి నిలిచినోళ్లెవరు చెప్పు?"

"ఇప్పుడు నువ్వొచ్చేది తప్పినట్టు కాదా?"

"గడప తొక్కలేదే నేను. కారు దిగను. దప్పికైనా నా ఫ్లాస్కులో నీళ్లే తాగతా. ఒట్టు తప్పలేదు. తప్పితే నాకేమన్నా అయినా పోనీలే అనుకుంటా. పాపకేమన్నా అయితే?"

"పాపకేం కాదు. ఇప్పుడు నాయన ఏం చేస్తాడంటావు?"

"తాళాలు తీసి బీరువాలో పెడతాడు. నేనింక పాపను చూసేది లేదు. అదొకటైతే ఏడ్చి ఊరుకుంటా. మీ ఇంటి మీదికి వస్తాడేమో అని నా భయం. అప్పట్లో మునిప్రసాద్ వాళ్ల నాయన మీదికి చెయ్యెత్తినాడు, మర్చిపోతినా?"

"నీ గొంతు విని పాప ఫోన్ లాగతా ఉండాది మా. ఒక్క మాట మాట్లాడు."

"వద్దు, ఇప్పుడు వద్దు... బంగారూ... నా తల్లీ... మహీ, వస్తా ఉండాడు. ఈ శుక్రవారం నేను రాను. తలుపేసుకోని ఉండండి."

గిరిప్రసాద్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్కన ఏబెల్. వెనక సీట్లో జయంతి, ఫోన్‌ను చీర కొంగులో చుట్టి పట్టుకుని.

"ఎవరితో జయా ఫోన్?"

"అమ్మతో. మోకాళ్ల నొప్పులంట."

"పాపం. వెనక ఎట్లుండాది? చోటుండాదా?"

"ఉండాది."

"పడుకోబెట్టొచ్చా?"

"ఎవర్ని?"

"ఎవర్నైనా. ఏబెల్, వెనక తలుపులు లోపల్నించి తెరవకుండా లాకుంటాదంట గదా?"

"ఉంది సార్. వేస్తే బయట్నించి తీయాల్సిందే."

"ఏసి చూపించు. జయా, తీసి చూడు."

"రావడం లేదు."

"గట్టిగా లాగు."

"రావడం లేదండీ. లోపలుండే వాళ్లు దిగకూడదని ఎందుకు మీకు?"

"ఉండనీలే. మంచిదే. బయల్దేరతా ఏబెల్."

"సార్, ఇటు పుత్తూరు రోడ్డు. టెస్ట్ డ్రైవ్ టౌన్ లోపలే సార్, మా మేనేజర్ ఊరుకోడు."

"రెండు కిలోమీటర్లేప్పా. లారీలు ఎన్ని ఉండాయో చూద్దామని."

"ఏమండీ, వెనక్కి తిప్పండి."

"ఎందుకు?"

"నాకు తల తిరగతా ఉండాది. తిప్పండి."

"భయమా జయా?"

"నాకేం భయం? దేనికి భయం? తిప్పండి అంటా ఉండా గదా."

"ఈడ ఆపుతా. ఏబెల్, నీడ వద్దు, ఎండలోనే ఆపుతా. అద్దాలు మూసి, ఏసీ పెట్టి, కొంచేపు కూచోని చూద్దాం ఎంత తాగతాదో."

"సార్, మేనేజర్ ఫోన్ చేస్తున్నాడు..."

"దిగి మాట్లాడుకో పో. ఆ చెట్టు కింద నిలబడి నిదానంగా మాట్లాడు. మేమేడికీ పోం."

ఏబెల్ దిగి తలుపేశాడు. ఇంజన్ చప్పుడు ఆగిపోయింది, ఏసీ మాత్రం ఆడుతోంది. తన వైపు తలుపు తెరుచుకోదని జయంతికి గుర్తుంది.

"ఇట్లనే గదా కూచుంటావు?"

"యాడ?"

"జయా."

"యాడ కూచుంటా? ఏం మాట్లాడతా ఉండారు?"

"మహిత ఇంటి ముందర."

"నన్ను ఏమన్నా చెయ్యండి. వాళ్ల జోలికి పోవద్దు. కాళ్లు పట్టుకుంటా. గడప తొక్కలేదు నేను, కాణిపాకం సామి సాక్షి. నీళ్లు గూడా ముట్టలేదు. కారు దిగలేదు. బిడ్డే నా దగ్గరికి వస్తాది, నేను..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"దిగలేదని తెలుసు. చూసినా."

"ఎప్పుడు?"

"మునస్వామి మూడోసారి గూడా బండిలో ఏమీ లేదంటే, పోయిన నెల నీకంటే ముందు బస్సెక్కి పుత్తూరుకు పోయినా. మీ అమ్మ వీధిలో టీ అంగట్లో కూచున్నా. నువ్వు ఆడ టిఫిన్ డబ్బా ఇచ్చేసి బయల్దేరితివి. ఆటోలో నీ ఎనకాలే వచ్చినా."

"ఒక్క మాట అడగలేదే నన్ను ఇన్నాళ్లూ."

"ఏమని అడిగేది? సందు మొదట్లో నిలబడినా. మహిత పక్క సీట్లో కూచోనుండాది. నీ ఒళ్లో బిడ్డ. చిన్న పిడికిలి స్టీరింగు మీద కొడతా ఉండాది. హారన్ మోగితే నవ్వతా ఉండాది. నవ్వినట్టే ఉండాది. అద్దాలు మూసినారు గదా, నాకు వినపడలేదు."

"మీకు కోపం రాలేదా?"

"వచ్చినాది. రాకేం. నీ మీదా వచ్చినాది, నా మీదా వచ్చినాది. కాసేపటికి కోపం పోయి భయం పట్టుకున్నాది."

"దేనికి?"

"ఆ పాత బండికి. ఏసీ సగం చల్లగా, సగం వేడిగా. అడుగున పొగ గొట్టం తుప్పు పట్టిపోయింది. అద్దాలు మూసి ఇంజన్ ఏసుకోని కూచున్నోళ్లు పొగకు అట్లనే పోయినారని పేపర్లో చదివినా. మీరు ముగ్గురు, అద్దాలన్నీ మూసుకోని, గంటలు గంటలు. ఆ దినం నించి శుక్రవారం వస్తే నాకు మన అంగట్లో కాలు నిలవదు. నువ్వు ఇంటికొచ్చి తాళాలు మేకుకు తగిలించే దాకా ఊపిరి ఆడదు నాకు."

"లోపలికి పోయి కూచోమని ఒక మాట అనుంటే పోయుండేది గదా."

"ఎట్ల అంటా? సామి ముందర నా నోటితో నేనే అంటిని గదా. ఇప్పుడు తప్పితే ఆయన నన్నొక్కణ్ణే పట్టుకుంటాడని ఏం నమ్మకం? బిడ్డ ఉండాది. నీకుండే భయమే నాకూ ఉండాది జయా. నీకంటే ఎక్కువుండాది."

"అందుకా ఊర్లో ఉండే షోరూములన్నీ తిప్పినారు నన్ను?"

"మరెందుకు?"

"ఈ తలుపు లాకు..."

"పాకే బిడ్డ గదా. పిడి లాగితే?"

"నన్ను చంపేసినారండీ. నిజంగా. ఆ ఫోన్‌లో చూసేది గూడా?"

"ఏసీ ఆగిపోతే తెలుస్తాదని. నేను అంగట్లో ఉంటా గదా, ఆడినించి చూస్తా ఉండొచ్చని."

"ఇంకా అంగట్లోనే ఉంటారా? ఎన్నాళ్లుంటారు?"

"ఒట్టేసింది గడపకే గదా జయా?"

"ఊ."

"కారు గడప కాదు గదా."

"కాదు."

"నేనూ దిగను. వెనక సీట్లో కూచుంటా. ఫ్లాస్కు కొంచెం పెద్దది తీసుకుందాం."

"ఆ పిల్లోడు గూడా ఇంట్లోనే ఉంటాడు. మునిప్రసాద్."

"ఉండనీ."

"గడపలో నిలబడి చూస్తా ఉంటాడు, ఎప్పుడూ దగ్గరికి రాడు. మీరంటే భయం."

"ఎండలో ఎందుకు నిలబడేది? ముందర సీట్లో కూచోమను. ...కండ్లు తుడుచుకో. ఏబెల్ వస్తా ఉండాడు."

"సార్, సారీ సార్, మేనేజర్ ఒకటే అరుపులు. మీటరు చూసినారా? ఇంతసేపు నిలబడినా ముల్లు కదల్లేదు. అమ్మా, మీకేమైంది? ఒంట్లో బాగలేదా?"

"బాగుండా నాయనా. ఈ తలుపు తియ్యి కొంచెం."

"తీస్తానమ్మా. సార్, మరి ఏది రాసుకోమంటారు? మామూలు పెట్రోలుదైతే ధర తక్కువ. దూరాలు పోతానంటే మాత్రం హైబ్రిడ్డుకు మించింది లేదు. ఒక్క ట్యాంకుకు హైదరాబాదు పోవచ్చు."

"దూరం పొయ్యేది నాకెందుకప్పా? నిలబడేది ఇయ్యి. అయిదుగురం కూచుంటాం."