ఇంకొక్కసారి మార్చకూడదా

ఖరగ్‌పూర్, ట్రాఫిక్ కాలనీలో రైల్వే క్వార్టర్. ఆదివారం మధ్యాహ్నం. పీహెచ్‌డీ చేస్తూ హిజ్లీ హాస్టల్లో ఉంటున్న, అక్కణ్ణుంచి సైకిల్ మీద వచ్చిన తమ్ముడు వినోద్‌కి, రైల్వే ఆస్పత్రిలో నర్సు అయిన అక్క మీనాకుమారి అన్నం వడ్డిస్తోంది.

“మళ్లీ టాపిక్ మార్చేసినావేటి?”

“నేను కాదక్కా, మా సారు. మొదట సెల్ టవర్ల మీద యాంటెన్నాలన్నారు కదా...”

“అవును. నాన్న వర్క్‌షాప్‌లో తనతో పన్జేసే బెంగాలీ దాదాలందరికీ సెప్పుకున్నాడు.”

“ఏడాది పోయాక, అది అందరూ సేసేసినారు, నీళ్ళలో సిగ్నల్ ఎలా పోద్దో సూడన్నారు.”

“బకెట్లో ఫోను ముంచినావు, అప్పుడే కదా?”

“ఫోను కాదు, సెన్సర్. సరే, ఫోనే అనుకో. తర్వాత గోడలకి పలకలు. సిగ్నల్ వాటి మీద పడి మనకి కావాల్సిన వైపు తిరుగుద్ది.”

“అద్దంతో ఎండని తిప్పినట్టు.”

“అదే. ఇప్పుడు పరిగెత్తే రైలుకి సిగ్నల్ తెగకుండా అందించడం.”

“మంచిదిరా. నిదానంగా సెయ్. ఇంకో మూడేళ్ళయినా పర్లేదు. సేప ముక్క ఎయ్యనా?”

“మూడేళ్ళెందుకు? ముందు సేసిందంతా దీన్లో పనికొస్తంది. ఆర్నెల్లలో థీసిస్ ఇచ్చెయ్యొచ్చన్నారు సారు.”

“ఆర్నెల్లా?”

“అదేటి, మొహం అలాగయిపోయింది?”

“ఏటీ లేదు. తొందరపడి పాడు సేసుకుంటావేమోనని.”

“నాలుగేళ్ళయింది. ఇంకా తొందరేటి?”

“ఇంకొక్కసారి మార్చమని అడక్కూడదా మీ సార్ని?”

“అక్కా.”

“ఊరికే అన్నాన్లే. తిను.”

“ఎందుకన్నావో సెప్పు. అప్పుడు తింటాను.”

“నాన్న ఏడాదికో సంబంధం తెస్తన్నాడు. తమ్ముడి సదువయ్యాకే నా పెళ్ళి అని సెప్పి తప్పించుకుంటన్నాను. నీ సదువయిపోతే ఇంకేటి సెప్పను?”

“పెళ్ళి వద్దా నీకు?”

“వద్దని కాదు.”

“మరి?”

“ఒకరున్నారు. నువ్వెరగవులే.”

“సిగ్నల్ డిపార్ట్‌మెంట్ ఏబెల్ కదా?”

“నీకెవరు... నీకెవరు సెప్పినారు?”

“ఆయనే. మా రైలు ట్రయల్‌కి రైల్వే తరఫున వచ్చేది ఆయనే. తొందరగా కానీ, తొందరగా కానీ అని రోజూ నా ప్రాణం తీస్తన్నాడు. నువ్వెప్పుడు నోరిప్పుతావా అని సూస్తన్నాను.”

“ఆయనకేటి తొందర? మనది గుడి, వాళ్ళది చర్చి. నాన్నతో నేనెలా అనను?”

“నువ్వనక్కర్లేదు. బుధవారం నువ్వు డ్యూటీలో ఉండగా ఆయనే ఇంటికొచ్చి నాన్నని అడిగేసినాడంట.”

“అందుకేనా నాన్న రెండ్రోజులు నాతో మాటాడలేదు?”

“అందుకే.”

“ఒరే, మరి ఏటన్నాడు?”

“నిన్న నాన్నే ఫోన్ సేసినాడంట ఆయనకి. ‘బాబూ, నువ్వు మంచోడివి. మాకిష్టమే. కానీ తమ్ముడి సదువయ్యాకే పెళ్ళని మా అమ్మాయి పట్టుబట్టి కూర్చుంది. ఆ ఒక్క మాటా నేను కాదనలేను’ అన్నాడంట.”

“వినోదూ, అన్నం కెలకడం ఆపు. తొందరగా తిని లేబ్‌కి ఎల్లు.”