మంచం మీద రాములన్న

కూసో బిడ్డా, ఆ నవారు మంచం మీదనే కూసో. కిర్రుమంటది గని ఏంగాదు. కొత్తది కొనరాదా తాతా అంటవా? దీని సంగతి తెలిస్తె నువ్వట్లనవు లాస్యా. మన రాములన్న లేడూ... నీకెట్ల తెలుస్తది, మీరు ఈ మల్కాజ్‌గిరికి వచ్చేవరకే ఆయన పోయిండు. ఫీల్డ్ అంబులెన్స్‌ల హవల్దారు చేసి రిటైరైనోడు. అంబులెన్సంటే బండి గాదు, మిలట్రీల అదొక పల్టన్. కాల్చుడు నాసొంటి సిపాయోళ్ల పని. దెబ్బతాకినోళ్లను ఎత్తుకొచ్చి, రక్తమాపి, పట్టీ కట్టి, ఎనక దవాఖానకు తోలుడు వాళ్ల పని. ఎన్కట బ్రిటిషోళ్ల కాలంల డోలీలట, తర్వాత కంచరగాడిదలట, ఆ తర్వాత జీపులు. "ఎన్ని బండ్లొచ్చినా, తుపాకీ కాడికెళ్లి బండి దాక మనిషిని మనిషే మోయాలె రాఘవేందర్" అనేటోడు. చెప్పుడు షురూ చేసిండంటే ఎదుటోడు లేసిపోయేదాక ఆపేటోడు గాదు.

ఆఁ, మంచం సంగతి గదా. పెద్దవాన పడ్డ ఏడు, గల్లీల నడుంలోతు నీళ్లు. మా మీదింట్ల కిరాయికుండె కల్యాణ్, శ్రీకాకుళం దిక్కు పిల్లగాడు, అప్పుడప్పుడే కంప్యూటర్ కొలువుల చేరిండు, ఉరికొచ్చిండు. "తాతగారండీ, మా ఆవిడ భానుప్రియకి నొప్పులొచ్చేస్తన్నాయండీ, అంబులెన్స్ మెయిన్ రోడ్డు మీదే ఆగిపోయిందండీ!" ఎదురింటి రాములన్నను కేకేసిన. రాములన్న లుంగీ ఎగ్గట్టుకొని వచ్చి, ఈ మంచం మీద బొంత ఏసి, పిల్లను పండవెట్టి, దుప్పటితోని పదిలంగ కట్టిండు. కల్యాణ్, నేను, పక్కింటి పోరగాండ్లిద్దరు తలొక కోడు భుజానికెత్తినం. నేను పాత సిపాయిని గదా, జోష్‌ల "బాయే, దాయే" అని, ఎడమ కుడి, కవాతు లెక్క షురూ చేసిన. అందరి కాళ్లు కలిసినయ్, మంచం ఉయ్యాల లెక్క ఊగవట్టె. "పడిపోతానండీ బాబోయ్" అని ఆ పిల్ల ఒకటే కేక. రాములన్నకు ఎక్కడలేని కోపమొచ్చింది. "అరే పరేడ్ గాడా, జెండా పండుగ అనుకున్నవా? కదం తప్పియ్యుండ్రి! ముంగటోడు కుడికాలేస్తె ఎనకటోడు ఎడమకాలు. మాటల్లేవ్, ఊపిరంత కాళ్లకే!" వాళ్ల పల్టన్‌ల అదే పద్ధతట. కాళ్లు తప్పిచ్చంగనే ఊగుడు బందయింది.

ఆయన ముంగట కట్టెతోని మోరీలు చూస్కుంట నడుస్తుండు. రోడ్డు కనవడుతుందనంగ గుబుక్కున మునిగిండు. మూతలేని మ్యాన్‌హోల్! ఎవలదో గేటు చేతికి దొరికింది గాబట్టి తల పైకొచ్చింది. మేం మంచాన్ని పక్క పిట్టగోడ మీద దించబోయినం. "దించితిరా, తోలు తీస్త! ఆమెను ఆపొద్దు, నడువుండ్రి!" నడిచినం బిడ్డా, ఎనక్కి చూడకుంట నడిచినం. ఆమెను బండెక్కిచ్చినం. ఆడపిల్ల పుట్టిందని మాపటికి ఫోనొచ్చింది అనుకో. మళ్లొచ్చి చూస్తె ఈయన అదే పిట్టగోడ మీద కూసున్నడు, కాలిరిగి. ఖాళీ మంచం మీద పండుమంటె పండడు. "నేను మోసేటోన్ని, ఎక్కేటోన్ని గాదు" అని లొల్లి. బలవంతంగ పండవెట్టి ఎత్తినం. జెర దూరం పోయినంక మెల్లగ అన్నడు, "గిట్లుంటదారా రాఘవేందర్? ఆకాశం తప్ప ఏం కనవడ్తలేదు. మోసేటోళ్ల మొకాలు సుత కనవడ్తలేవు, ఎటు తీస్కపోతున్నరో తెలుస్తలేదు. ఎంతమందిని మోసిననో రా... ఒక్కనితోని ఒక్క మాట మాట్లాడకపోతి. ఎంత భయపడ్డరో పాపం." అంతమంది సావులు చూసినోడు, చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండు.

రెండేండ్లకు గుండె ఆగి పోయిండు. పాడె ముంగటి కొన నేనే పట్టిన. ఇంటికాడికెళ్లి కాటిదాక మాట్లాడుకుంటనే పోయిన. "రాములన్నా, రైలు గేటు దాటినం. ఇగో, దేవమ్మ దుకాణం. భానుప్రియ బిడ్డనెత్తుకొని గేటుకాడ నిలవడ్డది, చూసినవా? ఇగ ఎడమదిక్కు తిరుగుతున్నం, భయపడకు." ముసలోనికి మతి పోయిందనుకున్నరు జనం. అనుకోనీ.

...ఏందీ, గట్ల చూస్తవ్? మొగులైతుంది, పో, దండెం మీది బట్టలు లోపలెయ్యి.